బరంపురం మగ్గాల వీధుల్లో ఆడవాళ్లు ‘పని మానేయడం’ సర్వేలో ఎలా అడగాలి? గోల్డిన్ పరిశోధన ఎంతవరకు పనికొస్తుంది?

పడుగు_పేక అడిగారు:

ఒడిశాలోని బరంపురం పట్టుమగ్గాల వీధుల్లోనూ, గజపతి జిల్లా జీడి కార్ఖానాల్లోనూ ఉన్న తెలుగు ఆడవాళ్ల మీద ఎం.ఏ. ప్రాజెక్టు సర్వే ఇది. వయసు 45 నుంచి 70. మొత్తం 150 ఇళ్లు. తేలాల్సినవి మూడు: పని ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, మానేశాక చేతికి ఏమొస్తోంది. సిద్ధాంతం వైపు నుంచి, అమెరికా ఆడవాళ్ల ఉపాధి చరిత్ర మీద పరిశోధించిన ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌ని ఆధారం చేసుకోవాలని గైడు సలహా.

చిక్కులు ఇవి. ఒకటి, “ఏటి పని సేస్తావమ్మా?” అంటే “ఏటీ సెయ్యను, ఇంట్లోనే ఉంటాను” అని జవాబొస్తుంది, చెయ్యి మాత్రం రాట్నం మీదే ఉంటుంది. రెండు, ‘రిటైర్మెంటు’ అంటే గవర్నమెంటు ఉద్యోగం అనే అర్థం చేసుకుంటున్నారు. మూడు, గోల్డిన్ యు-ఆకారపు గీత (ఆడవాళ్ల పని ముందు తగ్గి, తర్వాత మళ్లీ పెరుగుతుందనేది) ఇక్కడికి వర్తిస్తుందని రాయొచ్చా? నాలుగు, పింఛన్ల లెక్క ఎక్కడ మొదలెట్టాలి?

లెక్కల_గుమాస్తా:

ముందు మొదటి చిక్కు. ‘పని’ అనే మాటే ప్రశ్నాపత్రంలోంచి తీసేయండి. మన వీధుల్లో పని అంటే కూలికి పోవడం. కండెలు (పేక దారం చుట్టే గొట్టాలు) చుట్టడం పని కాదు, ‘సాయం’. అందుకని ఒక్కో చర్యనూ పేరు పెట్టి అడగాలి: కండెలు చుట్టారా, పడుగు చేశారా, తెగిన పోగులు అతికారా, చీర మడతలు పెట్టారా, అప్పడాలు ఒత్తి అమ్మారా, జీడిపిక్కలు కొట్టారా, పప్పు పొట్టు తీశారా. ప్రతిదానికీ నాలుగు గళ్లు: ఈ వారంలో ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని నెలలు, ఆ డబ్బు ఎవరి చేతికొచ్చింది. నాలుగో గడి ఖాళీగా వస్తే కంగారు పడొద్దు, అదే మీకు కావాల్సిన సమాచారం.

జాతీయ గణాంకాలతో పోల్చాలంటే పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం చేసే శ్రామికశక్తి సర్వే) కోడ్లు కూడా వేసుకోండి. సొంతంగా చేసుకునేవారు 11, పనివాళ్లని పెట్టుకునేవారు 12, ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకులు 21, నెల జీతం 31, రోజు కూలి 51. ఇంటిపని మాత్రమే అయితే 92. ఇంటిపనితో పాటు కట్టెలు, ఆకులు ఏరుకోవడం, ఇంటి వాడకానికి కుట్టుకోవడం, నేసుకోవడం ఉంటే 93. పింఛను, అద్దె, బయటినుంచి వచ్చే డబ్బు మీద బతికేవారు 94.

సర్వే చేసేవాళ్లు బోల్తా పడేది 93 దగ్గర. అందులో ‘నేత’ అన్న మాట కనబడగానే మగ్గం ఇంటి ఆడవాళ్లందరినీ దాంట్లో పడేస్తారు. కానీ 93 ఇంటి వాడకానికి నేసుకునేదానికి మాత్రమే. అమ్మే చీరకి కండె చుడితే అది 21. ఆ ఒక్క అంకె మారితే ఆవిడ శ్రామికుల లెక్కలోంచి బయటికి పోతుంది. 150 ఇళ్లలో ఇరవై ఇళ్లకి ఈ తప్పు జరిగితే మీ పట్టికలన్నీ తలకిందులే.

కాలపరిమితి కూడా చూసుకోండి. ‘సాధారణ స్థితి’ అంటే గడిచిన 365 రోజులు. ఎక్కువ కాలం ఏ స్థితిలో ఉంటే అది ప్రధాన స్థితి. దానికి తోడు కనీసం 30 రోజులు వేరే పని చేస్తే అది అనుబంధ స్థితి. ‘వారపు స్థితి’లో ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా చాలు. పెళ్లిళ్ల ముందు మగ్గాలు గట్టిగా ఆడతాయి, ఆషాఢంలో నెమ్మదిస్తాయి. వారం ఒక్కటే అడిగితే మీరు ఏ నెలలో వెళ్లారో అదే జవాబు అవుతుంది. రెండూ అడగండి.

దేశం మొత్తానికి, 15 ఏళ్లు పైబడిన ఆడవాళ్లలో శ్రామిక భాగస్వామ్యం (పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిపి) 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. చూడ్డానికి పెద్ద గెలుపు. కానీ 2023-24లో పనిచేసే ఆడవాళ్లలో 67.4 శాతం స్వయం ఉపాధి కింద ఉన్నారు. మొత్తంలో మూడో వంతుకు పైగా కోడ్ 21, అంటే జీతం లేని సహాయకులు. పెరిగినదాంట్లో నిజమైన పెరుగుదల ఎంత, ఇన్నాళ్లూ కనబడని పని ఇప్పుడు నమోదవడం ఎంత అన్నది ఇంకా తెగని వాదం. మీ డిసర్టేషన్‌లో ఈ అంకెని ‘సాధికారత’ అనే ఉపశీర్షిక కింద పెట్టకండి.

మహేంద్రగిరి:

గోల్డిన్ గురించి. యు-గీత ఆవిడ పరిశోధనలో ఒక భాగమే. మీకు ఎక్కువ ఉపయోగపడేది ఆ గీత వెనక ఉన్న పద్ధతి. పాత అమెరికా జనాభా లెక్కల్లో పెళ్లయిన ఆడవాళ్లకి వృత్తి గడిలో ‘భార్య’ అని రాసేవారు. పొలంలో పనిచేసినా, ఇంట్లో అద్దెకున్నవాళ్లకి వండిపెట్టి డబ్బు తీసుకున్నా అంతే. ఆవిడ ఇతర రికార్డులు తవ్వి ఆ లెక్క సరిదిద్దింది. 19వ శతాబ్దం చివర పెళ్లయిన ఆడవాళ్ల ఉపాధి జనాభా లెక్కలు చెప్పినదానికి దాదాపు 3 రెట్లని తేలింది. యు ఎడమ కొమ్ము అంత ఎత్తున కనబడింది ఆ సవరణ వల్లనే. పైన గుమాస్తా గారు 93, 21 కోడ్ల గురించి చెప్పింది కూడా ఇదే సంగతి. 2023లో ఆవిడకి నోబెల్ ఇస్తూ కమిటీ మొదట ఎత్తిచూపినదీ ఈ పనినే.

గీత సంగతి: వ్యవసాయం ఇంటి చుట్టూ ఉన్నప్పుడు ఆడవాళ్ల పని ఎక్కువ. కార్ఖానా వచ్చి పని ఇంటినుంచి విడిపోయాక తగ్గుతుంది. పెళ్లయిన ఆడది కార్ఖానాలో ఒళ్లొంచితే మొగుడికి నామర్దా అనే భావం అక్కడ పనిచేస్తుంది. చదువు, ఆఫీసు ఉద్యోగాలు పెరిగాక మళ్లీ లేస్తుంది. ఇది అమెరికా 200 ఏళ్ల కథ. బరంపురంలో 150 ఇళ్లు ఒక్కసారి చూసి ‘మనం యు అడుగున ఉన్నాం’ అని రాయలేరు. రాయకండి.

రాయగలిగింది వేరే ఉంది. మీ దగ్గర రెండు గుంపులున్నాయి: మగ్గం ఇంట్లో ఉన్నవాళ్లు, జీడికి బయటికి వెళ్లేవాళ్లు. పని ఇంటినుంచి విడిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకి ఇదే సరైన పోలిక. రెండో గుంపులో వయసు, పెళ్లి, కోడలు రావడం ఎప్పుడెప్పుడు పనిని ఆపాయో విడిగా చూడండి.

‘అత్యాశ ఉద్యోగం’ అనే ఆవిడ ఇటీవలి వాదన ఇక్కడ అతికించొద్దు. వేళాపాళా లేకుండా కంపెనీకి అంకితమైనవాళ్లకి గంటకి కూడా ఎక్కువ జీతం ఇచ్చే లాయర్లు, ఎంబీఏలు లాంటి వృత్తుల గురించిన వాదన అది. జీడి పొట్టు కిలో లెక్క. రెండు గంటలు చేస్తే రెండు గంటల డబ్బే. గోల్డిన్, కాట్జ్ కలిసి రాసిన ఫార్మసిస్టుల పరిశోధన దీనికి దగ్గరగా ఉంటుంది: ఒకరి బదులు ఇంకొకరు నిలబడగలిగిన పనిలో గంట కూలి సమానంగా నడుస్తుంది, ఆడ మగ తేడా తగ్గుతుంది. మరి మన దగ్గర తేడా ఎందుకుంది? ఎవరికి ఏ అంచె దక్కింది అన్న దాంట్లో ఉంది. చీర కూలి మగ్గం మీద కూర్చున్నవాడి పేర వస్తుంది, కండె ఆ కూలిలోనే కలిసిపోతుంది.

రిటైర్మెంటు మీద 2018లో గోల్డిన్, కాట్జ్ సంపాదకత్వంలో ఒక సంకలనం వచ్చింది. అమెరికాలో అరవైల్లో ఉన్న ఆడవాళ్లు మునుపటికంటే ఎక్కువ కాలం ఎందుకు పనిచేస్తున్నారన్నది దాని ప్రశ్న. చదువు, అంతకుమించి చిన్న వయసు నుంచీ ఉద్యోగంతో తెగని సంబంధం అని ముఖ్యమైన జవాబు. ఇక్కడ జాగ్రత్త. ఇప్పుడు 68 ఏళ్లున్నావిడనీ 48 ఏళ్లున్నావిడనీ పక్కపక్కన పెట్టి ‘వయసుతో పని ఇలా తగ్గుతుంది’ అని గీత గీయకూడదు. వాళ్లు వేరే తరాల వాళ్లు. ఈవిడ అరవై ఎనిమిదికి వచ్చేసరికి ఆవిడలా ఉంటుందని లేదు. గోల్డిన్ ఎప్పుడూ పుట్టిన సంవత్సరాల వారీగా విడదీసి చూస్తుంది.

దానికి మార్గం జీవిత పట్టిక. 15 ఏళ్ల నుంచి ఇప్పటిదాకా ఐదేసి ఏళ్ల గళ్లు. పైన వరస పని, కింద వరస ఇంటి ఘటనలు: పెళ్లి, మొదటి కాన్పు, ఆఖరి కాన్పు, కోడలు రావడం, భర్త పోవడం. ముందు కింది వరస నింపించండి, పై వరస దానంతటదే గుర్తొస్తుంది.

ఒక మాట. అమెరికా స్కూళ్లలో, ఆఫీసుల్లో పెళ్లయిన ఆడవాళ్లని తీసుకోకూడదన్న నిబంధనల మీద కూడా గోల్డిన్ రాసింది. మనకి అది పరాయి కథ కాదు. 1981 ఎయిర్ ఇండియా, నర్గేష్ మీర్జా కేసులో మొదటి గర్భానికే ఉద్యోగం పోయే నిబంధనని సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, ఎయిర్ హోస్టెస్‌లకి 35 ఏళ్ల రిటైర్మెంటుని మాత్రం నిలబెట్టింది.

పీఎఫ్_కాగితం:

నాలుగో ప్రశ్న. ఇక్కడ అసలు సంగతి ఒకటే: పింఛను పథకాలన్నీ మధ్యలో తెగని మగవాడి ఉద్యోగ జీవితం కొలతకి కుట్టినవి. ఆడవాళ్ల పని రెండు ముక్కలుగా ఉంటుంది, పథకం మాత్రం ఒకే ముక్క అడుగుతుంది.

జీడి కార్ఖానాతో మొదలెట్టండి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ పనివాళ్లుంటే పీఎఫ్ వర్తిస్తుంది. అక్కడే ఈపీఎస్-95 పింఛను కూడా ఉంటుంది. యజమాని వాటాలోంచి, జీతంలో 8.33 శాతం పింఛను నిధికి పోతుంది, జీతం పరిమితి 15,000 రూపాయలు. పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు కావాలి. 58కి పూర్తి పింఛను. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ ముందుకి జరిగిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. సూత్రం: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడం. కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి 1,000 రూపాయలు.

ఇప్పుడు ఒక ఉదాహరణ లెక్క చూడండి. 22 నుంచి 27 దాకా 5 ఏళ్లు పని. కాన్పులకి మానేసి, 36 నుంచి 42 దాకా మళ్లీ 6 ఏళ్లు. మొత్తం 11. చివరి సగటు జీతం 12,000 అనుకుంటే 12,000 × 11 ÷ 70, అంటే నెలకి 1,885 రూపాయలు. ఇది జరిగితే బాగుండును. జరిగేదేమిటంటే, 27లో మానేసినప్పుడు ఫారం 10-సి పెట్టి పింఛను డబ్బు కూడా తీసేసుకుంటారు. 5 ఏళ్లకి చేతికొచ్చేది 5 నెలల జీతానికి కాస్త పైన. దాంతో ఆ ఐదేళ్లు చెరిగిపోతాయి. మిగిలింది 6. పదికి తక్కువ కాబట్టి పింఛను సున్నా.

అదే ఫారం 10-సిలో ఇంకో ఎంపిక ఉంది: స్కీమ్ సర్టిఫికెట్. అది తీసుకుంటే పాత సర్వీసు బతికే ఉంటుంది, తర్వాతి దానికి కలుస్తుంది. ఒకే ఫారం, ఒక్క టిక్కు తేడా. ఫారం నింపేది సాధారణంగా కార్ఖానా గుమాస్తా, సర్టిఫికెట్ సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. మీ సర్వేలో “మొదటిసారి మానేసినప్పుడు పింఛను డబ్బు తీసుకున్నారా, కాగితం తీసుకున్నారా?” అని తప్పకుండా అడగండి. ఆర్నెల్లు, అంతకు పైన మిగులుంటే ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి 9 ఏళ్ల 6 నెలలున్నా 10 కిందే వస్తుంది. అది తెలియక 10-సి పెట్టేవాళ్లు కూడా ఉంటారు.

రెండో ఉచ్చు పేరు. పెళ్లికి ముందు తండ్రి పేరు, ఇంటిపేరుతో ఒక పీఎఫ్ ఖాతా. తర్వాత భర్త పేరు, మారిన ఆధార్‌తో యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే ఒకే శాశ్వత నంబరు). రెండూ కలపకపోతే సర్వీసు రెండు ముక్కలుగానే ఉండిపోతుంది. జాయింట్ డిక్లరేషన్‌తో (ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే కాగితం) వివరాలు సరిచేయించి పాతది కొత్తదాంట్లోకి బదిలీ చేయాలి. పాత కార్ఖానా మూతబడిపోతే యజమాని సంతకం దగ్గర చిక్కొస్తుంది.

మగ్గాల వీధికి పీఎఫ్ లేదు. వాళ్లకి స్వచ్ఛంద పథకాలు. ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ 18–40 వయసువాళ్లకే, నెల ఆదాయం 15,000 లోపు. 18లో చేరితే నెలకి 55, 29లో 100, 40లో 200 రూపాయలు. కేంద్రం అంతే వేస్తుంది, 60 తర్వాత నెలకి 3,000. అటల్ పింఛను కూడా 18–40 మధ్యనే. 1,000 రూపాయల పింఛనుకి 18లో నెలకి 42, 40లో 291.

ఆ 40 చూడండి. ఇరవైకి ముందూ వెనకా పెళ్లయి, పిల్లలు ఎదిగి, ఆడదాని చేతికి సొంతంగా నాలుగు డబ్బులు మిగలడం మొదలయ్యేదే నలభై దగ్గర. సరిగ్గా అప్పుడు తలుపు మూసేస్తారు. మీ నమూనాలో ఉన్న 45–70 వయసువాళ్లకి ఈ రెండిట్లోనూ ఇక ప్రవేశం లేదు. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఉంది గానీ అందులో ప్రభుత్వం తోడు వేయదు, ఇంత వస్తుందన్న హామీ లేదు.

ఇక మిగిలేది 60 దాటాక ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను, 80 లోపు వాళ్లకి నెలకి 1,000 రూపాయలు. 21–60 మధ్య ఉన్నవాళ్లకి 2024 సెప్టెంబరు నుంచి అదే ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర, ఏడాదికి 10,000 రెండు విడతల్లో. గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం నడిచి పోయేంత దూరం. అటువైపు వృద్ధాప్య పింఛను 4,000, చేనేతవాళ్లకైతే 50 ఏళ్లకే. ఈ పోలిక జవాబుల్లో తప్పక దొర్లుతుంది. అది మీ ప్రశ్న కాకపోయినా రాసుకోండి.

పడుగు_పేక:

చాలా ఉపయోగం. ఒక అనుమానం: మరి ‘మానేసిన తేదీ’గా దేన్ని తీసుకోవాలి? కొందరు కూలికి మానేశారు గానీ ఇంట్లో కండెలు చుడుతూనే ఉన్నారు.

వంశధార_ఒడ్డు:

రెండు తేదీలు తీసుకోండి. చివరిసారి తన చేతికి డబ్బొచ్చింది ఎప్పుడు, చివరిసారి ఆ పని చేసింది ఎప్పుడు. ఈ రెండిటి మధ్య దూరం ఎన్నేళ్లో అదే మీ ముఖ్యమైన చరరాశి. మగవాళ్లకి ఈ దూరం దాదాపు ఉండదు, అందుకే పాఠ్యపుస్తకంలో రిటైర్మెంటు అంటే ఒకే తేదీ.

సంవత్సరం అడిగితే అందరూ ‘పదేళ్లయింది’ అంటారు. ఊరి గుర్తులు వాడండి. ఫైలిన్‌కి ముందా తర్వాతా (2013 అక్టోబరు), నోట్లరద్దుకి ముందా (2016 నవంబరు), తిత్లీకి ముందా (2018 అక్టోబరు), లాక్‌డౌన్‌కి ముందా (2020 మార్చి). వయసు దగ్గర కూడా ఇదే జాగ్రత్త. పింఛను వయసు కాబట్టి 60 దగ్గర జనం కుప్పపడతారు. ఆధార్ వయసు ఒక గడిలో, మొదటి బిడ్డ వయసునుంచి లెక్కించింది ఇంకో గడిలో వేయండి.

గుమాస్తా గారితో ఒక్కచోట విభేదం. గంజాం ఇళ్లలో మగవాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లకి పోయి డబ్బు పంపుతుంటారు. అలాంటి ఇంటి ఆడవాళ్లని కోడ్ 94లో వేయాలని అనిపిస్తుంది, వేసేస్తారు కూడా. కానీ ఆవిడే పొలం, ఆవు, కూలీలని పిలవడం అన్నీ చూస్తుంటే అది 11. పంపిన డబ్బు ఇంటి ఆదాయమే అవుతుంది, ఆవిడ స్థితి దాన్నిబట్టి మారదు. పైన 94ని ఒక్క ముక్కలో దాటేశారు, ఇక్కడికి అదే పెద్ద గొయ్యి.

మానేసిన కారణాలకి ‘ఆరోగ్యం’ అని ఒకే గడి పెట్టొద్దు. పట్టుపోగు అతకడానికి కళ్లు, రాట్నం దగ్గర నడుం, పిక్కలు కొట్టే చోట జీడిసొన పడి చేతులు కాలడం, ఇవి వేర్వేరు. ‘మనవల్ని చూసుకోవడం’ తప్పనిసరిగా విడి గడి. కోడలు పనికి వెళ్లడానికి అత్త మానేస్తే ఇంటి మొత్తంలో పని తగ్గలేదు, చేతులు మారింది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ 289 అత్తది, కోడలిది ఎంతెంతో మీరు చూడగలరు.

జవాబు ఆవిడ నోటినుంచే రావాలి. భర్తో కొడుకో పక్కన కూర్చుని చెబితే ఆ కాగితం మీద ‘ఇతరులు చెప్పినది’ అని గుర్తు వేసి విడిగా పెట్టండి.

లెక్కల_గుమాస్తా:

94 విషయంలో మీరే కరెక్టు, ఒప్పుకుంటున్నా.

నమూనా గురించి మిగిలింది. 150 మందితో ఒక నిష్పత్తి 50 శాతం దగ్గరుంటే పొరపాటు అటూ ఇటూ 8 శాతం. వీధుల వారీగా గుంపులుగా తీస్తారు కాబట్టి నిజానికి 10 దాకా పోతుంది. అందుకని మగ్గం, జీడి గుంపులని మళ్లీ వయసు వారీగా నాలుగు ముక్కలు చేసి శాతాలు వేయకండి, సంఖ్యలే రాయండి. పీఎల్‌ఎఫ్‌ఎస్ యూనిట్ డేటా (ఇంటింటి జవాబుల ఫైళ్లు) ప్రభుత్వ మైక్రోడేటా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఉచితం. 2024 దాకా ఉన్న వార్షిక ఫైళ్లలో బరువు (వెయిట్) గడిని నేరుగా వాడొద్దు. రెండు ఉపనమూనా గడులు సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించాలి, ఏడాది అంచనాకి త్రైమాసికాల సంఖ్యతో మళ్లీ భాగించాలి. మాతృభాష గడి అందులో లేదు, కాబట్టి తెలుగువాళ్లని విడదీయలేరు. ఒడిశా మొత్తంతోనే పోల్చండి.

ఇంకోటి. 2019-20 చేనేత గణనలో ‘నేతవారు’, ‘అనుబంధ పనివారు’ అని రెండు వర్గాలున్నాయి. మొత్తం 35.22 లక్షల మందిలో 8.48 లక్షలు అనుబంధ పనివారు, మొత్తంలో ఆడవాళ్లు 72 శాతం. కండెలు చుట్టేవాళ్లు అనుబంధ వర్గంలో ఉండాలి. ప్రతి ఇంట్లో గుర్తింపు కార్డు చూపించమని అడిగి, ఎవరి పేర, ఏ వర్గంలో ఉందో కార్డు చూసి రాసుకోండి. నోటి మాట తీసుకోవద్దు.